జావా అట్ట

సుమలత టేబులంతా వెతికింది. జావా పుస్తకం లేదు.

"ఆఫీసులో కావాలని నాన్న పట్టుకెళ్లారే," అంది అమ్మ వంటింట్లోంచి.

ఆ పుస్తకానికి జావాది అట్ట ఒక్కటే. లోపలంతా ఆగ్నేయాసియా చరిత్ర. అంచుల నిండా లీలావతి మేడమ్ చెప్పిన నోట్సు. సుమలతలా పాలిటెక్నిక్‌లో ఐటీ డిప్లొమా చదివే పిల్లల్లో చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లను ఏరి, శనివారాలు పాఠాలు చెప్పి, యూనివర్సిటీ గడప ఎక్కించేదాకా ఊరుకోదు ఆవిడ. ఈ రోజు పదకొండింటికే సుమలత ఇంటర్వ్యూ.

నాన్న పెద్దిరాజు ఆ అట్ట విప్పాడా, సీటు సంగతి దేవుడెరుగు, ముందు ఇల్లు పీకి పందిరేస్తాడు. చాంగీ బిజినెస్ పార్క్‌లో ప్రాజెక్ట్ లీడర్ మరి. ఐటీ మహా జోరు మీదున్న రోజులు. జావా రానివాళ్లను చూసి జాలిపడేవాడు. బిషాన్ పేటలో ఎవరింటికి భోజనానికెళ్లినా, వాళ్ల పిల్లల్ని కంప్యూటర్ సైన్సులో చేర్పించిగానీ చెయ్యి కడుక్కునేవాడు కాదు.

ఆఫీసుకి ఫోన్ చేసింది. ఆయన ఈ రోజు సెలవన్నారు.

అంటే పుస్తకం తెరిచేశాడు. మేడమ్ నోట్సు చూసి, ఇంటర్వ్యూ సంగతి కూపీ లాగి, తనను పట్టుకోవడానికే బయల్దేరి ఉంటాడు.

రైల్లో కూర్చోలేక నిలబడలేక యూనివర్సిటీకి చేరింది. అనుకున్నంతా అయింది. ఇంటర్వ్యూ గది ముందు బెంచీ మీద, కొత్త చొక్కా టక్ చేసుకుని, ఒళ్లో జావా పుస్తకంతో పెద్దిరాజు.

కూతుర్ని చూడగానే ఆయన ముఖం పాలిపోయింది. కోపం కాబోలనుకుంది సుమలత. ఇక దాచి లాభం లేదు. ఎక్కడలేని ధైర్యం ముంచుకొచ్చి, నవ్వు కూడా వచ్చేసింది.

"కోడింగ్ నా వల్ల కాదు నాన్నా. మూడేళ్లుగా దొంగతనంగా చదువుతున్నది ఇదే. హిస్టరీ అంటే నాకు ప్రాణం. మీరు వద్దన్నా చేరతాను."

పెద్దిరాజు చెమట తుడుచుకున్నాడు. అటూ ఇటూ చూశాడు.

"మీ అమ్మకి తెలుసా?" అన్నాడు గొంతు తగ్గించి.

"తెలీదు."

"చెప్పకమ్మా."

తిట్లకు సిద్ధపడి వచ్చిన సుమలతకు తల తిరిగిపోయింది. గెలిచేశాననుకుంది. గంతేయాలనిపించి, పెద్దవాళ్లున్న చోటని తమాయించుకుని, ఆయన చెయ్యి పట్టుకుంది.

అంతలో తలుపు తెరుచుకుని గుమాస్తా బయటికొచ్చి, చేతిలోని కాగితం చూసి పిలిచాడు: "హిస్టరీ, ఈవెనింగ్ బ్యాచ్, మిస్టర్ పెద్దిరాజు."