పెంపుడు కూతురి పుట్టినరోజు

ఇందుమూలంగా ఆస్ట్రేలియాలోని టూవూంబా తెలుగు సంఘస్థులకు తెలియజేయునదేమనగా, బార్బీ అనబడు నిప్పుల పొయ్యిమీద మాడిన సాసేజీలు ఇంటి యజమానే తినవలెను.

ఆ యజమాని డాక్టర్ ఎలియాజర్. యుద్ధం ముగిసిన ఉగాండాలో కొన్నాళ్లు పనిచేసి, 1990లో ఇక్కడికి వస్తూ వస్తూ ఒక పిల్లను తెచ్చుకున్నాడు. దిక్కులేని అనాథనట, కన్నకూతురిలా పెంచుతున్నాడట. విందుకొచ్చిన మేము, పాస్టరుగారితో సహా, కుర్చీల్లో కూర్చుని తింటుంటే ఆ కూతురు మా ఎంగిలి పళ్లేలు కడుగుతోంది.

నాకు ఒళ్లు మండింది. అందరూ వినేలా అడిగాను.

"డాక్టరుగారూ, ఇవాళ అమ్మాయి బర్త్‌డే గదా, ప్రార్థన పెట్టించరేం? కన్నకూతురిదైతే మర్చిపోతారా?"

ఆయన మొహం మాడిన సాసేజీ అయింది. "మర్చిపోతానేంటయ్యా? కేకు ఆర్డరిచ్చాను, షాపువాడింకా తేలేదు."

పాస్టరుగారు పిల్లను పిలిచి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అందరం హ్యాపీ బర్త్‌డే పాడాం.

పిల్ల తడిచేతులతో నా దగ్గరికొచ్చి ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. "నా బర్త్‌డే ఇవాళేనని మా అమ్మ చెప్పిందా అంకుల్? అమ్మ ఫోన్ చేసిందా?"

పక్కనే ఉన్న పాస్టరుగారు అది విని ఎలియాజర్ వైపు తిరిగారు. "అనాథన్నారు గదా, డాక్టరుగారూ."

ఎలియాజర్ వెళ్లి పొయ్యిమీద సాసేజీలు తిప్పసాగాడు. పిల్ల నా మొహంలోకే చూస్తోంది.

ఆ పుట్టినరోజు అప్పటికప్పుడు నేను అల్లింది.