నడుము సాక్ష్యం

"కాసేపు కూర్చో అన్నయ్యా, పిలుస్తారులే."

"కూర్చోడానికొచ్చామా? కుర్చీ కనిపిస్తే కూలబడే అలవాటు నీది." అన్న గుమ్మం దాకా వెళ్లి, గోడకు చెయ్యి ఆనించి, మళ్లీ వెనక్కి వచ్చాడు. ఆస్పత్రికి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస.

అన్నదమ్ములిద్దరిదీ ఇళ్ల సామాన్లు మోసే పని. బీరువా లేవాలంటే ఇద్దరూ పట్టాల్సిందే. నడుము నొప్పంటూ తమ్ముడు చేతులెత్తేసి వారమైంది. అప్పటి నుంచీ బండి కదల్లేదు.

"ఇవాళ్టితో నీ నాటకం తేలిపోతుంది. పరీక్షలో నొప్పి లేదని వచ్చిందా, రేపు మూడో అంతస్తుకి ఫ్రిజ్ నీ వీపు మీదే!"

"ఉందని వస్తే?"

"బండి అమ్మేసి నీకు సేవలు చేస్తా."

తమ్ముడు నవ్వలేదు. ఒంటి నొప్పికి పైవాడు తప్ప సాక్షి లేడని వాళ్లమ్మ అనేది. ఇప్పుడు మిషను కూడా చెబుతుందట. నిజంగా చెబుతుందా?

లోపలికి పిలిచారు. టెక్నీషియనమ్మ వైర్లున్న పట్టీలు చూపించింది. "ఇవి నడుముకి అతికిస్తాం. కండరాల్లో పుట్టే కరెంటు స్క్రీన్ మీద గీతలా కనిపిస్తుంది. మెల్లగా ముందుకి వంగాలి. మామూలుగా, పూర్తిగా వంగేసరికి కండరం సేదతీరి గీత సద్దుమణుగుతుంది. నొప్పున్న నడుమైతే చాలామందికి గీత ఎగురుతూనే ఉంటుంది."

తమ్ముడు వెనక్కి తగ్గాడు. "కరెంటా? షాక్ కొడితేనో?"

"మీ ఒంట్లోదేనండీ. బయటి నుంచి ఏమీ ఇవ్వం."

"అయితే ముందు అన్నయ్యకి పెట్టండి. ఆయన బతికి బయటపడితే నేనూ వంగుతా."

"సిగ్గులేదురా? ఇద్దరు పిల్లల తండ్రివి!" అన్న చొక్కా పైకెత్తాడు. "అతికించమ్మా. ఉక్కు నడుమంటే ఏమిటో వీడూ చూస్తాడు."

అన్న వంగాడు. సగంలో ఆగి, పళ్లు బిగబట్టి, ఇంకా కిందికి వంగాడు.

"అలాగే ఉండండి."

గీత సద్దుమణగలేదు. ఆమె మళ్లీ వంగమంది. మళ్లీ అంతే, కుదురు లేకుండా ఎగురుతూనే ఉంది.

"మీ మిషను పాడైనట్టుంది," అన్నాడు అన్న, నుదుటి చెమట తుడుచుకుంటూ.

ఆమె పట్టీలు ఊడదీసింది. తమ్ముడి వైపు తిరిగి, "ఇప్పుడు మీరు రండి," అంది.

తమ్ముడు అన్న దగ్గరికి వెళ్లాడు. పైకెత్తిన చొక్కాను తనే మెల్లగా కిందికి సర్దాడు.

"ముందు ఈయన సంగతి చూడండమ్మా. నాకసలు నొప్పే లేదు, ఈయన్ని ఇక్కడికి రప్పించడానికే ఆ నాటకం."