డ్రైవరు వీపు వెనక దారి

“ఎవరి బండో అద్దం మీద నేను సుద్దతో రాసింది కూడా కడిగేశావా?” షెడ్డు గుమ్మంలోంచే అరిచాడు అన్నయ్య.

“కడగని బండి మీద నేను చెయ్యి వెయ్యనని తెలుసుగా అన్నయ్యా. నువ్వు రాసిందంతా నా బుర్రలో ఉంది.”

చెల్లెలు నీళ్ళ పైపు వదల్లేదు. తెల్ల పికప్ వెనక తొట్టిలో అంటుకున్న ఎర్రమట్టి, ఎండుటాకులు కొట్టుకుపోయేదాకా కడిగింది.

“ఇది సొట్ట తీసి రంగేసే పని కాదే. క్యాబిన్ వెనక గోడే కొయ్యాలి. కోశాక సారీ అంటే అతుక్కోదు.”

“ఈ మోడల్ బళ్ళు మనూళ్ళో వీధికి నాలుగున్నాయి. కళ్ళు మూసుకుని కోస్తా.”

“కళ్ళు తెరుచుకునే కొయ్యి తల్లీ!”

అన్నయ్య పక్కవీధిలో రెండో షెడ్డు తీసుకున్నాడు. ఆరేళ్ళుగా తన దగ్గరే వెల్డింగ్ చేస్తున్న చెల్లెలు అది తనకే కావాలంది. అన్నయ్య గడ్డం గోక్కుని, “గార్డుగారి బండి ఒక్క తప్పు లేకుండా చేసి చూపించు, తాళాలు నీ చేతిలో పెడతా” అన్నాడు. అప్పట్నుంచీ ఆమెకు తిండి మీద కూడా ధ్యాస లేదు.

గార్డుగారు ముప్ఫై ఏళ్ళు గూడ్సు రైళ్ళలో చిట్టచివరి పెట్టెలో ఒంటరిగా ప్రయాణం చేసిన మనిషి. బండి ఇచ్చి వెళ్ళడానికి ఆయన వచ్చినప్పుడు చెల్లెలు ఒక జీపు కింద పడుకుని ఉంది. ఆమెకు కనబడ్డవి ఆయన నల్లబూట్లే. మాటలు మాత్రం పొల్లుపోకుండా వింది.

“ఇంజన్లో డ్రైవరు, చివర్న నేను. మధ్యలో యాభై పెట్టెల బొగ్గు. పలకరిద్దామంటే పురుగు కూడా ఉండేది కాదమ్మాయ్. ఇప్పుడు ఊళ్ళు తిరుగుదామంటోంది మా ఆవిడ. తను నడుపుతుందట. నేను వెనక పడుకున్నా సరే, తను పిలిస్తే వినబడాలి. బుద్ధి పుడితే లేచెళ్ళి తన పక్కన కూర్చోవాలి. మళ్ళీ మధ్యలో గోడుంటే ఇక నాకెందుకా బండి?”

“గోడ తీసేసే పూచీ నాది గార్డుగారూ!” జీపు కిందనుంచే మాటిచ్చింది.

“సగం కోసిన బండి చూస్తే నా గుండె ఆగిపోతుంది. అంతా అయ్యాకే పిలు.”

వెళ్ళిపోయాయి నల్లబూట్లు.

గ్రైండర్ కుయ్యిమంది. నిప్పురవ్వలు ఎగిరాయి. రెండడుగుల వెడల్పు రేకుముక్క ఠంగుమని కిందపడింది. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. చెల్లెలు మాత్రం ఈలేసింది. కోసిన అంచుల చుట్టూ ఇనుప చట్రం అతికి, క్యాబిన్ వంగకుండా బిగించింది. తొట్టి మీద డబ్బాలాంటి గది కట్టింది. గతుకుల్లో క్యాబిన్ ఒకలా, గది ఒకలా ఊగుతాయి కదా? అందుకని రెండింటి మధ్యా హార్మోనియం తిత్తిలా ముడుచుకునే మందపాటి రబ్బరు అమర్చింది. లోపల మంచం, మంచం కింద అరలు, గిన్నె పట్టేంత సింకు.

మధ్యలో ఓసారి గార్డుగారు ఫోన్ చేశారు. “చెప్పడం మర్చిపోయా అమ్మాయ్. ఎడమవైపు తలుపు అద్దం కిందికి దిగదు. లాగి లాగి నా భుజం పోయింది. అదీ కాస్త చూడు.”

వెళ్ళి హ్యాండిల్ తిప్పింది. అద్దం వెన్నలా దిగింది, వెన్నలా ఎక్కింది.

“చూశావా అన్నయ్యా! నా చెయ్యి తగిలితే చాలు, అద్దాలు కూడా మాట వింటాయి!”

“నీ గొప్పలకి అంతే లేదే!” అని నవ్వేశాడు అన్నయ్య.

ఇరవై ఆరోరోజు గార్డుగారు భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. చెల్లెలు బండి మీది దుప్పటి సర్రున లాగింది.

ఆయన వెనక తలుపు తీసుకుని లోపలికెళ్ళారు. మంచం మీద వెల్లకిలా పడుకున్నారు. ఆయన భార్య ముందుకెళ్ళి స్టీరింగు దగ్గర దర్జాగా కూర్చుంది.

“ఏమండీ, వినబడుతోందా?”

“ఎంత బాగా వినబడుతోందో!”

“అయితే లేచి రండి. అక్కడ పడుకుని ఏం చేస్తారు?”

ఆయన లేచి, కొంచెం వంగి, ఎక్కడా భుజం తగలకుండా ఆ దారిలోంచి ముందుకొచ్చి భార్య పక్కన కూర్చున్నారు. ఎడమవైపు అద్దం ఒకసారి దింపి ఎక్కించి, తల ఊపారు. కళ్ళు తుడుచుకున్నారు. చెల్లెలు కూడా తుడుచుకుంది, మసి అంటిన చేత్తో.

అన్నయ్య మాట తప్పలేదు. జేబులోంచి కొత్త షెడ్డు తాళాలు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. “ఒక్క తప్పు లేదే. ఒప్పుకున్నా.”

“ఇంకోసారి అను!”

“చాల్లే. పెరట్లో ఉన్న ఆ మొక్కల నర్సరీ ఆయన తెల్ల పికప్ బయటికి తియ్యి. నెల నుంచీ ఊళ్ళో లేడుగా, రేపొస్తున్నాడు. బ్రేకులు పట్టట్లేదని ఇచ్చి వెళ్ళాడు గానీ, తొక్కి చూస్తే ఠక్కున ఆగింది. అన్నీ అనుమానాలే మనిషికి!”

తాళాలు గలగలలాడించుకుంటూ చెల్లెలు కిటికీ దగ్గరికి వెళ్ళింది. “నచ్చిందా గార్డుగారూ? ఏమైనా మార్చాలా?”

“ఒక్క మేకు కూడా మార్చొద్దు తల్లీ,” అన్నారాయన బండి దిగుతూ. “మా బండి కూడా అచ్చం ఇలాగే చేసెయ్!”