ఎవరైనా కావచ్చు

"అయ్యో, అయితే నేను ఆయన్నే తిట్టానా!"

అమ్మమ్మ కూర్చున్నది కాస్తా లేచి నిలబడింది. ట్రస్టు ఆఫీసు బెంచీ మీద పక్కనున్న బట్టతలాయన తాపీగా తలూపాడు.

"మీకు తెలీదా? ఊరంతా అనుకునే మాటే. ఈ ట్రస్టు పెట్టిన పెద్దాయన మారువేషంలో ఇక్కడిక్కడే తిరుగుతుంటాడట. ఓ రోజు చీపురు పట్టుకుని, ఓ రోజు టీ కెటిల్ పట్టుకుని. మనమెలాంటి మనుషులమో కళ్లారా చూసుకుని, అప్పుడు సాయానికి సరే అంటాడట."

"తోటమాలిగా కూడానా?"

"ఎవరైనా కావచ్చు."

అమ్మమ్మ పొద్దున గేటు దాటి వస్తుంటే తోటమాలి చేతిలోంచి పైపు జారి మనవరాలి గౌను తడిసింది. "కళ్లు నెత్తికెక్కాయా? పిల్లకి జ్వరమొస్తే నువ్వొచ్చి చూస్తావా?" అని నలుగురిలో ఆయన్ని దులిపేసింది. ఆయన తల వంచుకుని నిలబడ్డాడే తప్ప నోరెత్తలేదు. నోరెత్తలేదంటేనే అనుమానించాల్సింది!

మనవరాలికి గుండెలో చిల్లు. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే బరువే తెలియదు కాబట్టి ఇంట్లో అంతా పిచ్చుక అంటారు. పెద్దాయన కట్టించిన ఆసుపత్రిలో ఆపరేషన్ ఉచితమే గానీ, ముందు ఈ ట్రస్టు ఆఫీసువాళ్లు ఒప్పుకోవాలి. దాని తల్లినీ ఈ జబ్బే తీసుకుపోయింది. ఆనాడు స్ట్రెచర్ మీద లోపలికి వెళ్తూ కూతురు "ఇప్పుడే వచ్చేస్తానమ్మా" అంది. అప్పట్నుంచీ తనవాళ్లు ఏ తలుపు దాటినా అమ్మమ్మకు ఊపిరాడదు.

"అమ్మమ్మా, కూర్చో. నువ్వు లేచినప్పుడల్లా నా కాలు తొక్కుతున్నావు" అంది పిచ్చుక.

కూర్చుంది. మళ్లీ లేచింది.

"ఆయన మామూలు మనిషి కాదమ్మా," బట్టతలాయన అందుకున్నాడు. "రోడ్డు పక్క రేకుల షెడ్డులో పాత మోటార్లు బాగుచేసుకుంటూ మొదలెట్టాడు. ఇవాళ ఆయన పంపు లేని పొలముందా? అంత ఫ్యాక్టరీకి యజమాని అయ్యాక కూడా నూనె మరకల చొక్కాతోనే తిరిగేవాడు. కొత్తగా చేరిన మేనేజరొకడు కూలీ అనుకుని, 'ఏయ్, ఆ పెట్టె ఎత్తు' అన్నాడట. మారు మాట్లాడకుండా ఎత్తాడు. సాయంత్రం మీటింగులో యజమాని కుర్చీలో ఆయన్ని చూసేసరికి మేనేజరు నోట్లో తడారిపోయింది."

"ఆ మేనేజరు ఏమయ్యాడు?"

"ఏమో మరి. మళ్లీ ఎవరూ చూడలేదు."

ఆమె తోటవైపు మెడ సాచి చూసింది.

హాల్లో చూస్తే ఎవరి తాపత్రయం వాళ్లది. మెడలో గొలుసు వేసుకున్న కాంట్రాక్టరొకడు టీ ఆయన చేతిలోంచి ట్రే లాక్కుని, "మీరు కూర్చోండి సార్" అని తానే అందరికీ పంచుతున్నాడు. టీ ఆయన, రోజూ ఉండేదేగా అన్నట్టు, గోడకి చేరబడి చూస్తున్నాడు. తుడిచేవాడు వంగితే చాలు, ముగ్గురు పరిగెత్తి బెంచీ జరుపుతున్నారు.

ఇక ఆగలేక అమ్మమ్మ పిచ్చుక చెయ్యి పట్టుకుని తోటలోకి నడిచింది.

"బాబూ... అయ్యా... పొద్దున తెలియక నోరు జారాను. ముసలిదాన్ని. నా మీద కోపం ఈ పిల్ల మీద చూపించకండి."

"భలేవారే. నీళ్లు చిందించింది నేనైతే మీరు బతిమాలతారేంటి?"

"లేదు, క్షమించానని ఒక్క మాట అనండి."

"క్షమించాను, నా పైపు కూడా క్షమించింది. సరేనా?" అని నవ్వాడు. అంతలో లోపల్నుంచి పిలుపొచ్చింది. "మీరు వెళ్లిరండి, పాప ఇక్కడే మొక్కలకి నీళ్లు పోస్తుంటుంది."

పిల్లను వదలాలంటే ప్రాణం ఒప్పుకోలేదు. కాదంటే ఆయన ఏమనుకుంటాడో! వెనక్కి చూసుకుంటూనే లోపలికి వెళ్లింది.

ఆఫీసరమ్మ కుర్చీ చూపించింది. అమ్మమ్మ కూర్చోలేదు.

"అమ్మా, మీరు చెప్పకముందే నేను చెప్పేస్తాను. తోటలో ఆయన్ని తిట్టాను. కావాలంటే నాకే శిక్ష వెయ్యండి. పిల్లకి కాదనకండి. దాని తల్లిని పంపించి ఇంటికి ఒక్కదాన్నే వెళ్లాను. ఇంకోసారి నా వల్ల కాదు."

"ఎవరు కాదన్నారు? డాక్టర్లు రిపోర్టు చూసి పోయిన వారమే ఒప్పుకున్నారు. సోమవారం చేర్పించమని చెప్పడానికే మిమ్మల్ని పిలిపించాం. ఒక్కరోజు కూడా పిల్ల పక్కనుంచి మిమ్మల్ని కదలమనరు."

అమ్మమ్మ కుర్చీలో కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాస్త తేరుకున్నాక అడిగింది.

"మరి ఆయన... మారువేషం... చూసి ఎంచుకుంటాడన్నారు?"

ఆఫీసరమ్మ లేచి తలుపు దగ్గరగా వేసింది. వంగి ఆమె చెవిలో రెండు మాటలు చెప్పింది.

"ఈ మాట బయట అనకండి. ఈ పుకారు పుట్టాక మావాళ్లని 'ఏయ్' అన్నవాళ్లు లేరు."

అమ్మమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది.

పిచ్చుకను తీసుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి, కారులోంచి ఓ కుర్రాడు వాచ్‌మన్ మీద విరుచుకుపడుతున్నాడు. "గేటు తియ్యడానికి నీకు బొట్టు పెట్టి చెప్పాలా? జీతం ఎందుకిస్తున్నారు నీకు?"

అమ్మమ్మ కారు కిటికీ దగ్గరికి వంగింది.

"నాయనా, నువ్వు ఎవరి మీద అరుస్తున్నావో తెలుసా?"

"ఎవరు?"

"ఇవాళ ఖాకీ చొక్కా వేసుకున్నారు."

కుర్రాడు గబగబా కారు దిగి రెండు చేతులూ జోడించాడు. గేటు తనే తోసి తెరిచాడు.

"అమ్మమ్మా, నిజంగా ఆయనేనా?" అంది పిచ్చుక గుసగుసగా.

"నువ్వూ దణ్ణం పెట్టు" అంది అమ్మమ్మ.

పెద్దాయన మంచం పట్టి ఏళ్లయింది.