రెండు నల్లటి అచ్చులు

"ఫారం నేను రాసిపెట్టనామ్మా?"

నూకాలు ఉలిక్కిపడి తలెత్తింది.

విశాఖ కోర్టు ఆవరణలో, న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉందామె. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు. ఎడమచేతిలో ఖాళీ ఫారం.

నేర బాధితులకు ప్రభుత్వం ఇచ్చే పరిహారానికి ఆమె అర్జీ పెట్టుకోవడానికి అదే ఆఖరి రోజు. ఐదింటికి కిటికీ మూసేస్తారు. నాలుగూ నలభై అయింది. అర్జీలు రాసే ముసలాయన ఆ రోజు రానేలేదు.

ఎదురుగా నలభై దాటిన మనిషి. మాసిన ఖాకీ చొక్కా. జేబులో లారీ చలానా రసీదు.

"ఏటి తీసుకుంతావు బాబూ?"

"ఏమీ వద్దండి."

అదే ఆమెకు నచ్చలేదు. పదిహేనేళ్ళు చేపలమ్మిన మనిషి, ఊరికే వచ్చేదాన్ని నమ్మదు. కానీ గడియారం ఆగేలా లేదు. ఫారం ఇచ్చింది.

రెండేళ్ళ కిందట మెళ్ళో గొలుసు కోసం వెనకనుంచి వచ్చాడొకడు. వాడి కత్తిని ఆమె కుడిచేత్తో పట్టేసుకుంది. మొహం చూడలేదు. నెత్తురు కారి స్పృహ తప్పి పడిపోయింది. ఆ వేళ్ళు ఇప్పుడు ముడుచుకోవు. ఆపరేషన్ అయితే మళ్ళీ చేపలు కోయవచ్చన్నాడు డాక్టరు. డబ్బు రావలసింది ఈ కాగితం మీదే.

"పేరు?"

"మైలపల్లి నూకాలు. ఊరు యారాడ."

ఆమె చెప్పేకొద్దీ అతను గబగబా రాస్తూ ఆఖరి పేజీలో చివరి గడికి వచ్చాడు.

"జరిగిన చోటు... సింధియా దగ్గర, కొండ రోడ్డు వచ్చి కలిసే మలుపు," అని తనలో తనే గొణుక్కున్నాడు. "సాయంత్రం ఆరున్నర."

నూకాలు చటుక్కున అతని వైపు తిరిగింది.

ఆ మాటలు తను చెప్పలేదు.

అప్పుడు చూసింది అతని చేతులు. గోళ్ళ చుట్టూ, అరచేతి గీతల్లో, ఎంత తోమినా పోని నలుపు.

ఆనాడు ఆసుపత్రిలో విప్పిన ఆమె జాకెట్టు మీద రెండు చేతి అచ్చులున్నాయి. రెండూ నల్లటివే. ఆ గుర్తు పోలీసులకు చెప్పింది ఆమే. వాళ్ళు ఒక బొగ్గు లారీవాణ్ణి పట్టుకున్నారు కూడా. వాణ్ణి ఆమెకు చూపించనేలేదు. పదకొండు రోజులు కుళ్ళబొడిచి, సాక్ష్యం లేదని వదిలేశారు. ఆ రోజు పోలీసులకు శాపనార్థాలు పెట్టింది నూకాలు.

ఏమీ ఎరగనట్టు మామూలుగా అడిగింది.

"లారీలో ఏటి తోల్తావు బాబూ?"

"బొగ్గండి. పోర్టునుంచి పరవాడకి."

"ఆ మలుపు సంగతి నీకెవులు సెప్పినారు?"

పెన్ను ఆగింది.

"ఎవరూ చెప్పలేదండి. ఆ రోజు నేనక్కడే..."

నూకాలు ఒక్క ఉదుటున లేచి ఫారం లాక్కుంది.

"జగ్గయ్య బాబూ, ఈడే. నన్ను పొడిసినోడు ఈడే. ఒగ్గకు."

గేటు దగ్గరి హోంగార్డు జగ్గయ్య వచ్చి కాలరు పట్టుకున్నాడు.

"పేరేట్రా?"

"దొరబాబండి."

"పద, జీపు కాడికి."

అతను పెనుగులాడలేదు. జగ్గయ్య మొహంలోకి చూసి, "మళ్ళీనా బాబూ," అన్నాడంతే.

నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"అమ్మా, ఆఖరి పేజీలో వేలిముద్రొకటే తక్కువండి. ఐదైపోతోంది. ముందు అది వేసెయ్యండి."

"ఆయమ్మ ఏలిముద్ర నీకెందుకురా? స్టేషన్లో నీవి తీత్తారు, నడు," అన్నాడు జగ్గయ్య.

నూకాలు చేతిలోని ఫారం చూసుకుంది. వాడు రాసిన కాగితం. అందులో ఏం రాశాడో, దేనికి వేలిముద్ర వేయమన్నాడో. చింపేద్దామని రెండు చేతులా పట్టుకుంది.

కుడిచేతి వేళ్ళకి పట్టు చిక్కలేదు.

"నాలుగు నిమిషాలే ఉన్నాయమ్మా. ఇస్తావా, మూసెయ్యనా?" కిటికీ లోపలినుంచి అడిగింది క్లర్కు జ్యోతిర్మయి.

వేరే దారి లేక, కవరుతో సహా లోపలికి తోసింది నూకాలు.

జ్యోతిర్మయి పేజీలు తిప్పింది. ఆమె కనుబొమలు పైకి లేచాయి.

"ఎవరు రాశారమ్మా? ఒక్క తప్పు లేదు."

నూకాలు వేలిముద్ర వేసింది. దాని మీద ఆఫీసు ముద్ర టప్పున పడింది. నాలుగూ యాభై తొమ్మిది.

మెట్టు మీద కూలబడింది నూకాలు.

"రాసినోడే నన్ను పొడిసినోడమ్మా. దేవుడే అట్టుకొచ్చి అప్పజెప్పినాడు. ఆడి బొగ్గు సేతుల అచ్చులు నా జాకెట్టు మీద పడ్డాయి."

"జాకెట్టు మీద ఎక్కడ?"

"రెండు సంకల కింద."

కాగితాలు సర్దుతున్న జ్యోతిర్మయి చేతులు నిలిచిపోయాయి.

"రెండు వైపులా?"

"అవునమ్మా."

"కత్తి పట్టుకున్నవాడు రెండు చేతులూ చంకల కింద ఎందుకు పెడతాడే తల్లీ? పడిపోయిన మనిషిని లేవనెత్తేటప్పుడు కదా అలా పట్టుకునేది."

నూకాలు ఎడమచేత్తో తన చంక కింద తడిమి చూసుకుంది.

"నిన్ను ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్ళారు?"

"నాకు తెలివి లేదమ్మా. ఎవులో దారినపోయే బాబు. ఆ బాబు సల్లగుండాలని ఏటేటా నూకాలమ్మకి దీపం ఎడతాను. పేరు మాత్రం తెలీదు."

బయట జీపు గేటు దాటిన చప్పుడైంది.

జ్యోతిర్మయి కవర్లోంచి ఆసుపత్రి కాగితం బయటకు లాగి, గాయపడిన మనిషిని తెచ్చినవారి పేరు రాసే గడి మీద వేలుపెట్టి, అందులో ఉన్నది నెమ్మదిగా పైకి చదివింది: "దొరబాబు, బొగ్గు లారీ డ్రైవరు."