కుండ అడుగున తెలుపు

"విషం! కుండలో విషం పెట్టినాడు! పట్టండ్రా వాణ్ణి!"

పద్మనాభ రాజా అరుపుకు మామిడితోపులో పనివాళ్లంతా పరుగెత్తుకొచ్చారు.

అప్పటికే ఆయన చేతికర్ర ఒకసారి లేచి దిగింది. తోపు అంచున, తాటిచెట్టు మొదట్లో, కల్లుగీసే శంకరలింగం కుడి మణికట్టు పట్టుకుని కూలబడి ఉన్నాడు.

పగిలిన కుండపెంకు అడుగున తెల్లగా ఏదో అంటుకుని ఉంది.

"ఎవురు పెట్టమన్నారు? చెప్పు!"

శంకరలింగం నోరు విప్పలేదు.

వాడు ఈ రాజపాళయం వాడు కాదు. తాటిచెట్లకు కల్లు పారే కాలానికి తిరుచెందూరు పక్కనుంచి పెళ్లాంతో వచ్చాడు. రోజూ మధ్యాహ్నం రాజాగారికి ఒక కుండ దించి ఇస్తాడు. వాడి గురించి అంతకుమించి ఎవరూ అడగలేదు.

రాజాగారికి మధ్యాహ్నాలు బరువు. భూములన్నీ గుత్తకిచ్చేశాడు. కొత్త మిల్లు సైరను ఊదితే ఊరంతా పనిలోకి పోయేది. ఆయన తోపుకు వచ్చేవాడు. పొద్దుపోక పట్టిన కుండ చివరికి పొద్దంతా మింగేసింది.

రెండు నెలల కిందట తల్లి పోయినప్పుడు ఆయన తాగి కాళ్లు నిలవక ఈ చెట్టు కిందే పడి ఉన్నాడు. ఒక్కగానొక్క కొడుకు. తలకొరివి దాయాది రామలింగ రాజా పెట్టాడు.

"ఆ రామలింగం కాసు ఇచ్చినాడా నీకు?"

శంకరలింగం తల అడ్డంగా ఊపాడు.

నేల మీద ఒలికినదాన్ని రాజాగారి తెల్లకుక్క అప్పటికే నాకేసింది. అది ఎప్పుడు పడిపోతుందా అని అందరూ చూస్తున్నారు.

కుక్క తోక ఊపుకుంటూ పెంకు కూడా నాకింది.

"దానికి ఇంకో కుండ కావాలంట," అన్నాడు వెనకనుంచి ఎవడో.

తోపు పక్క ఇంటినుంచి రాజాగారి భార్య మంగళం వచ్చింది. గుడిసెలోంచి శంకరలింగం భార్య కరుప్పాయి, తాటిబెల్లం కాచే గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. వచ్చీ రాగానే పెంకు అందుకుని, తెల్లదాన్ని వేలితో గీకి నాలుకకు రాసుకుంది.

"సున్నం, సామీ! మీరు ఆకువక్కలో వేసుకునే సున్నం!"

"కల్లులో సున్నం ఎందుకే?"

"ఇది కల్లు అయితే కదా! సున్నం పూసిన కుండలో దిగేది పదనీరు. పులవదు, మత్తెక్కదు. నేను బెల్లం కాచేది దీంతోనే. మొదట కొంచెం కల్లు కలిపినాడు. దినదినానికీ తగ్గించుకుంటా వచ్చినాడు. నెలదినాలుగా మీరు తాగేది వట్టి పదనీరు."

ఎవడో కిసుక్కుమన్నాడు. రాజా మొహం ఎర్రబడింది.

"తియ్యగా ఉండాదేమిరా అంటే కొత్త చెట్టు సామీ అంటివే! పులిజూదం గీసి కూర్చోబెట్టి నా కండ్లు కప్పినావా?"

ఆ ఆటలో పడి, మూడు పులులూ కట్టుబడేదాకా ఆయన కుండ సంగతే మరిచిపోయేవాడు.

"అందుకేనా!" అంది మంగళం. "నెలదినాలుగా చెయ్యి వణకకుండా అన్నం కలుపుకుంటా ఉండారు."

కరుప్పాయి మొగుడి చెయ్యి ఎత్తి చూపించింది. మణికట్టు వాచి పక్కకు ఒరిగిపోయింది.

"వణికే చెయ్యి అయ్యుంటే గురి తప్పుండును, అమ్మా. ఈ చెయ్యి ఇంక చెట్టెక్కదు."



రాజా చేతిలోంచి కర్ర జారింది. సిగ్గు కోపంగా మారింది.

"నన్ను మోసం చెయ్యమని ఎవురు చెప్పినారు? నువ్వా, మంగళం?"

"నాకు తెలిసుంటే ఈయనకు దండం పెట్టుండేదాన్ని."

"మరి ఎవురు? నోరు తెరవవేమిరా?"

"తెరవడు," అంది కరుప్పాయి. "చెప్పనని చెట్టు మీద ఆన పెట్టినాడు. ఆన తప్పినోణ్ణి చెట్టు కిందికి తోసేస్తాది. కానీ ఆన ఆయనది. నాది కాదు."

"అయితే నువ్వు చెప్పు!"

"మీ అమ్మగారు పోయిన పదహారో దినం, పొద్దుగూకే వేళ, ఒకరు వచ్చి ఈ చెట్టును కావిలించుకుని ఏడ్చినారు. 'రేపటినుంచి సున్నం పూసి ఇవ్వు. ఎవురడిగినా చెప్పద్దు. కొట్టినా చెప్పద్దు' అని ఆన వేయించుకున్నారు."

"ఎవురది? పేరు చెప్పు!"

"ఆ పేరు మేము నోట పలకకూడదు, సామీ."

కూలీలంతా తలలు దించుకున్నారు. వాళ్లలోనూ ఆ పేరు ఏనాడూ పలికినవాడు లేడు.

రాజా గరుకు తాటిమొదలు వైపు చూశాడు. పదహారో రోజు సాయంత్రం తాగిన మత్తులో ఏం జరిగిందో ఆయనకు ఒక్క ముక్కా గుర్తులేదు. మర్నాడు ఎడమ చెంప నిండా గీరుకుపోయి మండింది. ఎందుకో ఇన్నాళ్లూ తెలియలేదు.

ఆయన చెయ్యి మెల్లగా ఎడమ చెంప మీదికి పోయింది.

"ఎవురండీ?" అంది మంగళం.

ఆయన శంకరలింగం ఎదుట మట్టిలో కూర్చున్నాడు. తల ఎత్తకుండానే, తోపంతా వినేలా పేరు చెప్పాడు.

"పద్మనాభ రాజా."