నాలుగు రబ్బరు ముక్కలు

“ఇవాళైనా ఆ సైకిల్‌ని షాపుకి తీసుకెళ్తారా, లేదా? పల్లం దిగితే షాపు. అదేమన్నా దేశాంతరమా?” వంటింట్లోంచి భార్య అడిగింది.

“షాపెందుకు? బ్రేకులు కీచుమంటున్నాయంటే రబ్బర్లకి మట్టీ జిడ్డూ పట్టాయన్నమాట. విప్పి గరుకు కాగితంతో రుద్ది, రిమ్ము తుడిచేస్తే సరి. ఇంతోటి దానికి షాపువాడి జేబు నింపాలా?” వరండాలో గొంతుక్కూర్చుని పానా తిప్పుతూ అన్నాడు బైండర్.

అతను పుస్తకాలు బైండు చేసే మనిషి. చేతికొచ్చిన ప్రతి పుస్తకాన్నీ కుట్టేముందు చదివేయడం అతని జబ్బు. పోయిన నెల వైద్యం పుస్తకం వస్తే ఇంటిల్లిపాదినీ నాలుక చాపమన్నాడు. ఈ నెల సైకిల్ సంరక్షణ పుస్తకం వచ్చింది.

“మొన్న చైను శుభ్రం చేశానన్నారు. నా చీర అంచు చూశారా ఎలా తయారైందో?”

“నూనె ఒక చుక్క ఎక్కువైంది. కొత్త కదా!”

“తొమ్మిదిన్నరకల్లా నేను దానిమీదే డ్యూటీకి పోవాలి. ఆ కీచుకి మందుల షాపు ముందున్నవాళ్ళంతా తిరిగి చూస్తుంటే తల కొట్టేసినట్టుంటోంది నాకు.”

“అరగంట. ఒక్క అరగంట!”

వంటింట్లో గరిటె కాసేపు మూకుడులో మోగింది, కాసేపు గట్టుమీద మోగింది. ఆమె మాటిమాటికీ కిటికీలోంచి గేటువైపు తొంగి చూడటం అతని కంటపడింది కానీ పట్టించుకునే తీరిక లేదు. పుస్తకంలో రెండు వాక్యాల్లో అయిపోయిన పని ఇక్కడ ఒక్కో నట్టు దగ్గరా మొరాయిస్తోంది. ఎలాగైతేనేం, ముందువి రెండూ వెనకవి రెండూ, నాలుగు రబ్బర్లనీ ఊడదీశాడు. ఎక్కడికైనా దొర్లిపోతాయని చొక్కా జేబులో వేసుకున్నాడు.

“తుడవడానికి పాతగుడ్డ ఏమైనా ఉందా?”

“లోపలి గదిలో, ట్రంకుపెట్టె అడుగున ఉంది. మీరే తీసుకోండి, నా చేతులు ఖాళీ లేవు.” ఈసారి ఆమె గొంతు చాలా తియ్యగా ఉంది.

అతను పెట్టెలో సగం దూరి వెతుకుతుండగా బయట సైకిల్ స్టాండు ఠక్కుమంది. ఒక్క ఉదుటున వరండాలోకి వచ్చాడు. సైకిల్ లేదు. గేటు బార్లా తీసి ఉంది. సన్నటి జల్లులో, టోపీ ముక్కుదాకా లాక్కున్న రెయిన్‌కోటు ఒకటి వీధి చివరికి తొక్కుకుంటూ పోతోంది.

“దొంగ! దొంగ!” అని అరిచి, గుండె చరుచుకోబోయిన చెయ్యి జేబుకి తగిలింది. లోపల నాలుగు రబ్బర్లు. అతని పై ప్రాణాలు పైనే పోయాయి. వీధి దాటితే పల్లం. పల్లం కింద మెయిన్ రోడ్డు, దాని నిండా లారీలు.

“ఒరేయ్, ఆగు! బ్రేకుల్లేవు! ఆగరా నాయనా!”

ఆగు అన్నమాట వినపడగానే రెయిన్‌కోటు ఇంకా వంగి, ఇంకా గట్టిగా తొక్కింది.

భార్య గరిటెతో తాపీగా గుమ్మంలోకి వచ్చింది. “ఎందుకండీ ఆ రాద్ధాంతం? పోతే పోనివ్వండి. అదేమన్నా బంగారమా?”

ఆ నిదానం చూస్తే అతనికి ఒళ్ళు మండిపోయింది. “సైకిల్ సంగతి కాదే, వాడి ప్రాణం సంగతి!” అంటూ రబ్బర్లు తీసి అరచేతిలో చూపించాడు. “బ్రేకులు ఇక్కడున్నాయి. వాడు పల్లంలోకి పోతున్నాడు!”

ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు. గరిటె జారి కిందపడింది. చెప్పులైనా వేసుకోకుండా గేటు దాటి, మొగుణ్ణి కూడా దాటేసి పరిగెత్తింది. “దిగు! అయ్యో, దిగెయ్! దూకెయ్!”

వెనకాల రొప్పుతున్న బైండర్‌కి అంత భయంలోనూ ఆశ్చర్యమేసింది. కూరగాయలవాడు తూకంలో ఒక వంకాయ తగ్గించాడని రెండు రోజులు తిట్టుకున్న మనిషి. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని దొంగ కోసం వీధిలో ఏడుస్తూ పరిగెడుతోంది. ఇన్నేళ్ళు కాపురం చేసి కూడా దీని మనసు తెలుసుకోలేకపోయానే అనుకున్నాడు. వాడికేమైనా అయితే పాపమంతా తనదే. ఆ పుస్తకం ఎందుకు తెరిచాడో, ఆ పానా ఎందుకు పట్టాడో!

అప్పటికే సైకిల్ పల్లంలో పడింది. రెయిన్‌కోటు బ్రేకులు నొక్కుతోంది, నొక్కుతూనే ఉంది. రెండు కాళ్ళూ కిందకి దించితే చెప్పులు తడిరోడ్డు మీద జర్రున జారుతున్నాయి. గంట ఆపకుండా మోగుతోంది. కింద లారీ ఒకటి హారన్ కొట్టింది.

“ఎడంపక్కకి! రంపంపొట్టు మీదికి తిప్పు!” బైండర్ గొంతు చించుకున్నాడు.

కలప డిపో ముందు మనిషెత్తు పొట్టు గుట్ట ఉంది. సైకిల్ ఆఖరి క్షణంలో ఎడమకి తిరిగింది. గుట్టలోకి దూసుకుపోయి చక్రాలు పైకెత్తింది. మనిషి తలకిందులుగా నడుందాకా పొట్టులో కూరుకుపోయాడు. లారీ బురద చిమ్ముకుంటూ అతని పక్కనుంచే వెళ్ళిపోయింది.

మొగుడూ పెళ్ళాలిద్దరూ చెరో కాలూ పట్టుకుని లాగారు. “బతికున్నావా నాయనా? పోలీసులకి చెప్పనులే. సైకిల్ కూడా నువ్వే ఉంచుకో. ఒక్క మాట మాట్లాడు!” బైండర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భార్య మాత్రం ఆ మనిషి తలని ఒళ్ళోకి తీసుకుని వలవలా ఏడుస్తోంది.

టోపీ ఊడింది. నోట్లో పొట్టు ఉమ్మేసి, రెండుసార్లు దగ్గి, ఆమె మొహంలోకి గర్వంగా చూశాడు బావమరిది.

“షాపుకి చేర్చేదాకా బావ ఎంత అరిచినా ఆగొద్దన్నావుగా అక్కా... ఎక్కడా ఆగలేదు!”